మునగాకు కట్ట

సంగారెడ్డిలో బస్సెక్కిన ఒక అమ్మాయి నా పక్క సీట్లో కూర్చుని, మునగాకు కట్టలు ఒడిలో పెట్టుకుంది. కూరకా బిడ్డా అని అడిగాను.

"కాదంకుల్, కంది ఊళ్లె ఉన్న మా ల్యాబ్‌కు. ఈ ఆకులల్ల యాంటీఆక్సిడెంట్లు ఉంటయి. క్యాన్సర్ కణాల మీద ఎట్ల పనిచేస్తయో చూస్తున్నం."

ఆ మాటకు నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. అప్పటికి నా భార్య పటాన్‌చెరులో మా ఇంట్లో అదే జబ్బుతో మంచం మీద ఉంది.

"మా ఇంటామెకు పెడితే తగ్గుతదా?"

అమ్మాయి ఒడిలోని కట్టలు సర్దుకుంది. "గాజు పళ్లెంల పెట్టిన కణాల మీద పనిచేసింది అంకుల్. మనిషికి పనిచేస్తదో లేదో ఇంక తెల్వదు. డాక్టర్ మందులు మాత్రం ఆపకుండ్రి." తర్వాత మెల్లగా అంది. "మా అమ్మ గూడ రోజూ అడిగేది, మందు తయారయిందా బిడ్డా అని. ఆమె ఉన్నప్పుడు కాలే."

కంది రాగానే లేచి, ఒక కట్ట నా చేతిలో పెట్టింది.

"పప్పుల వేసి పెట్టుండ్రి. మందని చెప్పకుండ్రి."

ఆ సాయంత్రం నా భార్య చాలా రోజుల తర్వాత ఇంకాస్త అన్నం అడిగి వేయించుకుంది. ఆమె పోయాక కూడా నేను మునగాకు పప్పు ఇద్దరికి సరిపడానే వండుతున్నాను.