తుపాకీ చల్లారేలోగా

మొన్న అమలాపురంలో ఫోను బాగుచేయించుకుంటూ కూర్చుంటే, పక్క కుర్చీలో ఒకాయన తన ఫోనులో తుపాకుల ఆట ఆడుతున్నాడు. తెర మూలన ఎర్రగీత పెరిగి పెరిగి, తుపాకీ బుస్సుమని ఆవిరి వదిలి మొరాయించింది. ఆయన విసుక్కున్నాడు. నాకు మాత్రం రాజోలులో మా అక్క ఇంటి ముందుగది, ఒక వేసవి శుక్రవారాలు గుర్తొచ్చి కుదురుగా కూర్చోలేకపోయాను.

అప్పట్లో బావగారు గల్ఫులో ఉండేవారు, ఆ వేసవంతా నేను అక్క దగ్గరే ఉన్నాను. ఇంటికి వస్తానని రెండుసార్లు వాయిదా వేసేసరికి మేనకోడలికి కోపమొచ్చి, ఆయనతో ఫోనులో మాట్లాడటం మానేసింది. ఇద్దరూ కలిసి ఆడే తుపాకుల వీడియో ఆట మాత్రం మానలేదు. ఆయనకు సెలవైన శుక్రవారాల్లో అక్కడ ఆయన, ఇక్కడ ఈ పిల్ల, ఏదో గ్రహం మీద కలుసుకుని రాక్షసుల్ని కాల్చేవారు. ఆయన మాట స్పీకర్లోంచి గదంతా వినిపించేది. ఆ తుపాకులకు గుళ్ళు అయిపోవడమంటూ లేదు, వేడి ఒక్కటే ఇబ్బంది. ఆపకుండా కాలిస్తే చల్లారేదాకా పేలవు. అందాకా ఇద్దరూ ఏ బండ చాటునో నక్కాలి. కోపం సంగతి మరిచిపోయి మాట్లాడుకునేది అప్పుడే.

"ఏం కూరమ్మా?"

"బీరకాయ."

"మళ్ళీ బీరకాయేనా! ఆ పాదు ఎండేదాకా మీ అమ్మ వదలదేమో."

"వినపడతందండీ!" అని వంటింట్లోంచి అక్క.

కూతురు సంతోషిస్తుందని ఆయన ఆ ఆటలో కొత్త భాగం కొని పంపారు. అందులో వేడంతా ఒక చిన్న గొట్టంలోకి చేరుతుంది. దాన్ని ఊడదీసి పారేసి మరొకటి తొడిగితే తుపాకీ మళ్ళీ సిద్ధం. ఇక ఆగడమే లేదు. గదినిండా కాల్పుల మోత, మాట మాత్రం కరువు. ఆయన మాట వినపడుతుందేమోనని అక్క గదికీ గుమ్మానికీ మధ్య ఊరికే తిరిగేది. "కొని మరీ నా నోరు నేనే కట్టేసుకున్నాను బావా" అన్నారాయన నాకు ఫోను చేసి.

తరవాతి శుక్రవారం ఆయనే అడిగారు.

"పాతదే ఆడదామేంటమ్మా?"

"దాన్లో ఊరికే వేడెక్కిపోద్ది నాన్నా."

"ఎక్కనీ."

పిల్ల పాతది పెట్టింది. మొదటి గుంపు మీదే ఇద్దరూ తెగ కాల్చేసి బండ చాటుకు చేరారు. అక్కడ, తెర మీంచి చూపు తిప్పకుండా, "ఎప్పుడొస్తావ్ నాన్నా?" అంది. తుపాకులు చల్లారాయి. ఇద్దరిలో ఎవరూ కాల్చలేదు. రాక్షసులొచ్చి ఇద్దరినీ చంపేశారు కూడా.

"వచ్చే నెల వచ్చేత్తానమ్మా. నిజం."

"ఆయ్, చూద్దామండి" అంది వెటకారంగా, ముక్కు ఎగబీలుస్తూ.

అన్నట్టే వచ్చారు. కానీ ఆ జవాబు రావడానికి పట్టిన కాసేపూ, ఆయన దూరంగా గడిపిన ఏళ్ళన్నిటికన్నా పొడుగని నాకిప్పటికీ అనిపిస్తుంది.