పాతరలో ఆగిన లెక్క

కంగ్టి దారిలో, రెండు వాగుల మధ్య ఉండేవి మా మూడిళ్లు. వానలు ముదిరితే రెండు వాగులూ ఒకటై మమ్మల్ని చుట్టేసేవి. వాగు తీసి దారి ఇచ్చేదాకా ఇంట్లో ఉన్నదే తినాలి.

నేను బడికి పోలేదు. జొన్నలు కొలిచే కుంచంతోనే లెక్క నేర్చుకున్నాను. ఆ శ్రావణంలో జొన్నల గంప అడుగు కనబడింది. మిగిలినవి తెల్లారి కాచే గటకకు సరిపోతాయి, అంతే. పాతర తెరవక తప్పలేదు.

మనిషి నిలువుకన్నా లోతుగా నేల తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, మూతి పూడ్చేవాళ్లం. మూసి ఉన్నన్నాళ్లూ లోపల చెడ్డగాలి చేరుతుంది. అందుకే తెరిచి ఒక పూట వదిలేసి, దీపం దింపి చూస్తారు. దీపం ఆరితే మనిషి దిగకూడదు. ఆ వానలో వదిలేస్తే జొన్నలు తడిసిపోతాయి. పక్కింటి అన్నదమ్ములిద్దరూ గొంగడి అడ్డం పట్టగా మూతి తీశాం. యుద్ధం రోజులు, గ్యాసునూనె లేక గాజు కందిలి మూలన పడింది. మా ఆయన ఉత్త ప్రమిదనే దింపాడు. ఆరిపోయింది.

"గాలికి ఆరింది" అన్నాడు, చంకల కింద తాడు కట్టుకుంటూ.

"పైగాలికా, లోపలిదానికా? నీకెట్ల తెలుసు?" అడిగాను.

"ఇగ మొదలువెట్టింది లెక్కలామె! రేపు పోరగాండ్లు నీ లెక్కలు తింటరా?"

మా అత్త కన్నడపు ఊరి పిల్ల. భయమేస్తే ఆమెకు తెలుగు రాదు. దిగొద్దని కొడుకు చెయ్యి పట్టుకుంది. "ఇళిబ్యాడప్పా, ఇళిబ్యాడ!"

నేను మూతి పగిలిన కుండలో ప్రమిద పెట్టి తెచ్చాను. కుండలో ఉంటే పైగాలి తగలదు. సగం లోతు దాకా బాగానే వెలిగింది. ఇంకాస్త దింపితే ఆరింది. వెలిగించి మళ్లీ దింపాను. అక్కడే ఆరింది. ఆయన ఆ తాడుతోనే గట్టున కూర్చున్నాడు.

గోనెసంచిని తాడుకు కట్టి, దింపుతూ లాగుతూ లోపలి గాలిని తోడాం. ఎంతోసేపటికి దీపం అడుగున నిలిచింది.

"ఇప్పుడు దిగు. కొలిచేటప్పుడు గట్టిగ లెక్కవెట్టు. ఆగినవంటే గుంజుతం."

"గుంజు గుంజు, చేపననుకో" అంటూ కుంచమూ, తాడు కట్టిన ఆ సంచీ పట్టుకుని దిగాడు.

మా వైపు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. "లాభం!" అని లోపల్నుంచి వినిపించింది. "రెండు." "మూడు." "నాలుగు" మెల్లగా వచ్చింది. ఐదు రాలేదు.

పిలిచాను. పలకలేదు. గొంగడి వదిలేసి నలుగురం తాడు పట్టాం. బురదలో కాళ్లు నిలవలేదు. పైకి వచ్చిన మనిషి తల ఒక పక్కకు వాలి ఉంది. పెదవులు నల్లబడ్డాయి. అత్త ఆయన రొమ్ము రుద్దుతోంది. ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే ధైర్యం నాకు లేదు.

దగ్గు వచ్చింది. కళ్లు తెరిచాడు.

"ఎన్నయినయ్?"

"నాలుగు."

"గంతేనా?"

జొన్నలు కదిలిస్తే గింజల సందుల్లో దాగిన చెడ్డగాలి కూడా లేస్తుందని ఆ రోజు తెలిసింది. దీపం అది చెప్పలేదు. సంచిని తాడుతో పైకి లాగి, పాతర మూతి మళ్లీ పూడ్చాం. ఆ నాలుగు కుంచాలే వాగు తీసేదాకా పలచటి గంజి కాచి పోశాను.

ఇప్పటికీ కళ్లంలో కొలుస్తూ, దమ్ము తీసుకోవడానికి ఆయన నాలుగు దగ్గర ఆగుతాడు. నా చేతులు తాడు కోసం వెతుకుతాయి.

"ముందుగాల ఐదను" అంటాను. "తర్వాత దమ్ము తీస్కో."