పోగు తీసి చూసుడు

మా కాలేజీలో నా చేతిరాతకు మంచి పేరుండేది. చదువుకు మాత్రం నా దోస్తుకు పేరుండేది. డెబ్బయ్యో దశకం చివర, తెలుగు మీడియం బీఎస్సీలో ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. ఆమె వరంగల్ కొత్తవాడలో మగ్గం నేసే ఇంటి పిల్ల. నేను కాజీపేటలో రైల్వే గార్డు బిడ్డను. డబ్బా విప్పితే ఆమె జొన్నరొట్టె సగం నాది, నా పులిహోర సగం ఆమెది. అయినా ఆమెకు మార్కులు ఎక్కువ వచ్చిన ప్రతిసారీ నాకు కడుపు మండిపోయేది. పైకి నవ్వుతూ చెయ్యి కలిపేదాన్ని గానీ, ఆ రోజు అన్నం సయించేది కాదు.

రెండో సంవత్సరంలో సైన్సు ఎగ్జిబిషన్ పెట్టారు. కెమిస్ట్రీ సారు తరగతిలో ఒక పని చెప్పాడు.

"అనాలిసిస్ అని మనం ల్యాబుల అంటం. దవాఖానోళ్లు గూడ అంటరు. తెలుగు సారు పద్యం చెప్పేటప్పుడు చేసేది గూడ అసుంటి పనే. ఎవలు ఏ మాట వాడుతరు, దాని అర్థమేంది, ఒక చార్టు చేయాలె. మంచిగ చేసినోళ్లు చార్టు కాడ నిలబడి యూనివర్సిటీ నుంచి వచ్చేటోళ్లకు చెప్పాలె."

ఆ చార్టు పక్కన నిలబడేది నేనే కావాలనుకున్నాను. అంతకంటే ముఖ్యంగా, ఆమె కాకూడదనుకున్నాను.

నాన్నను సతాయించి రైల్వే లైబ్రరీ నుంచి లావుపాటి నిఘంటువు తెప్పించుకున్నాను. మూడు గళ్లు గీసి నింపాను. ఉప్పులో ఏముందో తేలిస్తే గుణాత్మక విశ్లేషణ, ఎంత ఉందో తేలిస్తే పరిమాణాత్మక విశ్లేషణ. వైద్యంలో రక్తపరీక్ష, మూత్రపరీక్ష, రోగనిర్ధారణ. భాషలో సంధి విడదీయడం, విగ్రహవాక్యం, ప్రతిపదార్థం. వెతికినా ఒక్క తప్పు దొరకదు.

ఆమె మాత్రం మధ్యాహ్నమైతే కనబడకుండా పోయేది.

"నాలుగు రోజుల సంది యాడ తిరుగుతానవే?" అని అడిగాను.

"దవాఖానకు పోయిన. రక్తం చూసే ఆయనను అడిగిన. 'షుగర్ ఎంతున్నదో నేను చెప్త బిడ్డా, రోగమున్నదా లేదా డాక్టర్ సాబ్ చెప్తడు' అన్నడు. పరీక్ష వేరే, నిర్ధారణ వేరే అన్నట్టు. తెలుగు సారు కాడికి గూడ పోయిన. విడగొట్టుడుతోని అయిపోదట, మళ్ల వరుసల పెట్టి కలిపితేనే అన్వయమట."

నా కాగితంలో పరీక్ష, నిర్ధారణ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. వాటి మధ్య తేడా ఉందన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ సాయంత్రం ఇంటికి పోయి నిఘంటువును మంచం కిందికి తోశాను.

సారు ఇద్దరి కాగితాలూ చూశాడు. నాది చదివి "మంచిగున్నది" అని బల్ల మీద పెట్టాడు. ఆమెది చదువుతూ కుర్చీలోంచి లేచి, కిటికీ దగ్గరికి పోయి మళ్లీ చదివాడు. అందులో ఒక చోట ఇలా ఉంది: ఉప్పును కరిగించి యాసిడ్లు పోసి చూస్తే ఆ ఉప్పు మళ్లీ చేతికి రాదు, మనిషి దగ్గర ఒక్క చుక్క రక్తం తీసుకుంటే మనిషి మనిషిలాగే ఉంటాడు, పద్యాన్ని ఎన్నిసార్లు విడదీసినా పద్యానికేమీ కాదు. మూడు గళ్ల పక్కన నాలుగో గడి కూడా గీసింది. దాని పేరు "పోగు తీసి చూసుడు".

అది వాళ్ల నాయిన మాట. ఎవరైనా గుడ్డముక్క తెచ్చి ఇలాంటిదే నేసిమ్మంటే, ఆయన అంచు నుంచి ఒక్కో పోగు లాగి, భూతద్దం పెట్టి అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టేవాడు. తర్వాత ఒక పోగు కొస కాల్చి వాసన చూసేవాడు. "నూలయితే కాయితం కాలిన వాసన, పట్టయితే ఎంట్రుకలు కాలిన వాసన" అని చెప్పేవాడు. ఒక ఆదివారం చదువుకోవడానికి వాళ్లింటికి పోయినప్పుడు నా కళ్ల ముందే ఇదంతా చేశాడు. నేను ఉడకబెట్టిన పల్లికాయలు తింటూ చూశాను. ఆమె చూసిందే నేనూ చూశాను. అది చదువులోకి వస్తుందని నాకు తట్టలేదు. నన్ను ఎక్కువ కాల్చింది అదే.

సారు నా వైపు తిరిగాడు. "ఈమె రాత కోడి గీకినట్టుంటది. నీ రైటింగ్ మంచిగుంటది గదా, ఈమె రాసింది నువ్వు చార్టుకు ఎక్కియ్యి. కింద ఈమె పేరు రాయి. ఇద్దరూ నిలబడుండ్రి, అడిగినోళ్లకు ఈమె చెప్తది."

రెండు రోజులు ఇంట్లో నేల మీద బోర్లా పడుకుని ఆమె మాటలు నా అక్షరాలతో రాశాను. మధ్యలో రెండు మాటలు తారుమారు చేద్దామా అనిపించింది. చేతిరాత నాది కాబట్టి తప్పు నా మీదికే వస్తుందని ఊరుకున్నాను. చివర "సేకరణ" అని రాసి పేరు పెట్టాలి. పెన్ను మూత పెట్టేశాను. ఎవరైనా అడిగితే మరిచిపోయానని చెప్పొచ్చు. మరిచిపోలేదు.

ఎగ్జిబిషన్ రోజు సారు హడావుడిలో చార్టును సరిగా చూడలేదు. ఆమె పైనుంచి కిందిదాకా చూసి "మస్తు రాసినవే" అంది, అంతే. వచ్చినవాళ్లంతా నాలుగో గడి దగ్గరే ఆగారు. ఆమె చెబుతోంది, వాళ్లు తలలూపుతున్నారు. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మధ్యాహ్నం వాళ్ల నాయిన వచ్చాడు. మగ్గం ఆపి, ఉతికిన అంగీ వేసుకుని వచ్చాడు. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నాలుగో గడి చదివాడు.

"గిది నా మాటనే!" అని నవ్వాడు. తర్వాత నాతో అన్నాడు, "నీ రాత ముత్యాలోలె ఉన్నది బిడ్డా. మా పిల్ల పేరు ఏడున్నది? జర సూపెట్టు, నాకు కనవడ్తలేదు."

"జాగ సరిపోలే, బాపూ" అన్నాను.

చార్టు అడుగున జానెడు తెల్ల జాగా ఉంది. ఆయన దాన్ని చూశాడు. నన్ను చూశాడు. అంతలో నా దోస్తు ముందుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఔ నాయినా, నేనే వద్దన్న. పేరుంటే చార్టు మంచిగ కనవడది. దా, నీకు మైక్రోస్కోపు సూపెడ్త."

ఆయన్ని అవతలి గదికి తీసుకుపోయింది. పోతూ నా వైపు చూడలేదు. తర్వాత కూడా ఆ సంగతి ఏనాడూ ఎత్తలేదు.

కాజీపేట బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చానని రాసుకుంటే నాకు గౌరవంగా ఉండేది. నా పరువు కోసం కన్నతండ్రితో అంత తేలిగ్గా అబద్ధమాడింది ఆమె. ఆమె జాగాలో నేనుంటే ఆడేదాన్ని కాదు. అది తెలిసి, ఆ మంచితనం మీద కూడా కుళ్లుకుని ఏడ్చాను.