మెయిన్ బోర్డుకు మొక్కిన మరదలు

తిరుమణి మిట్ట మీద నిలబడి చూస్తే నేల కనిపించదు. కనుచూపు మేరా సోలార్ ప్లేట్లే. పైన ఎగిరే కాకి ఆ ప్లేట్లలో మొహం చూసుకుని, ముక్కు దిద్దుకుని మరీ పోతుందని చెబితే మా ఆవిడ నమ్మదు గానీ, నేను కళ్ళారా చూశాను. మా వేరుశనగ చేను కూడా ఆ ప్లేట్ల కిందికే పోయింది. దున్నడానికి నేల లేక నేను పావగడ బజార్లో ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి పెట్టుకున్నాను. బల్బు నుంచి బోరు మోటారు దాకా నా దగ్గర దొరకనిది పిడుగు ఒక్కటే.

మా ఆవిడ చెల్లెలు ఐటిఐ చదివి ఆ సోలార్ ప్లాంటులోనే పనిచేసేది. లక్ష ప్లేట్లలో ఒకటి అలిగి మూల కూర్చుంటే అదేదో పట్టుకుని బుజ్జగించడం ఆమె పని. ఒక మధ్యాహ్నం అంగట్లోకి వచ్చి, స్టూలు ఫ్యాను కిందికి లాక్కుని, చింతపండు కొనడానికి సంతకు పోతున్నట్టు చెప్పింది.

"బావా, ఇంకో దేశం పోయి పనిచేసుకోని, ఆడే ఉండిపోదామనుకుంటాండా."

"ఏ ఏజెంటు చెప్పినాడు నీకు?"

"ఏజెంటూ లేడు, గీజెంటూ లేడు. చట్టప్రకారం దారి ఉండాది. ఆ దేశమే చెప్పింది."

ఫోను నా చేతికిచ్చింది. ఆ దేశం పేరు ఇక్కడ రాయను. రాస్తే రేపు పొద్దునకు మా బజారంతా చెప్పులేసుకుని బయల్దేరుతుంది. ఆ ప్రభుత్వం తన దేశంలో ఏ పనివాళ్ళు చాలడం లేదో వరసగా రాసి పెట్టింది. నర్సులు చాలడం లేదు, వడ్రంగులు చాలడం లేదు, కరెంటు పని తెలిసినవాళ్ళు చాలడం లేదు. నేను నోరు తెరుచుకుని చదివాను. మా ఊళ్ళో పెళ్ళివారింట ఉప్పు అయిపోయినా పక్కింటికి తెలియనివ్వరు. అంత పెద్ద దేశం, అన్ని మేడలు, అన్ని ఓడలు పెట్టుకుని, మాకు స్విచ్చులు బిగించేవాళ్ళు లేరు, వచ్చి ఉండిపోండి అని లోకమంతా వినేట్టు చెప్పుకుంటోంది.

ఊరికే రానివ్వరు. వయసుకు, చదువుకు, అనుభవానికి, ఇంగ్లీషుకు అన్నిటికీ మార్కులు. పనితనానికి పరీక్ష. ఒంట్లో రోగం లేదని డాక్టరు, ఒంటి మీద కేసు లేదని పోలీసు చెప్పాలి. అన్నీ కుదిరితే పెళ్ళికి పిలిచినట్టు పిలుస్తారు. భర్తనూ బిడ్డనూ వెంట తెచ్చుకోమంటారు. కొన్నేళ్ళు నిలకడగా ఉంటే ఓటు కూడా ఇస్తారట.

"నాకెన్ని మార్కులు వస్తాయే?" అన్నాను.

"నీ వయసుకు ఇచ్చేది లేదు బావా. ఉన్నవి కూడా తీసేసుకుంటారేమో."

ఆమెకూ వయసే చిక్కు. శ్రావణంలో పుట్టినరోజు దాటితే మార్కులు తగ్గిపోతాయి, పిలుపు అందకుండా పోతుంది. ఆలోగా పనితనం పరీక్ష నెగ్గాల్సిందే.

"ఈడ ఏం తక్కువైందని?" అంది ఆ రాత్రి ఇంట్లో మా ఆవిడ.

"ఏటేటా కాంట్రాక్టరు మారతాడక్కా. మారినప్పుడల్లా నాకు పని వచ్చునో రాదో మొదటినుంచి చూపించల్ల. ఆడ ఒక్కసారి చూపిస్తే చాలు."

ఆమె భర్త, నా తోడల్లుడు, నిడుగల్లు మనిషి. కొండ కింద గొర్రెలు మేపుతాడు. ఆయన అడిగింది ఒక్కటే.

"ఆడ గొర్రెలుంటాయా అన్నా?"

"మనుషుల కంటే ఎక్కువంట."

"అయితే నాకేం భయం లేదు."

ఆమె ఇంగ్లీషు కూడా ఆ గొర్రెల మీదే సాధన చేసింది. మూడు నెలల్లో మంద మొత్తం గుడ్ మార్నింగ్ అంటే తప్ప తల ఎత్తడం మానేసింది. నా మాట వినడం లేదన్నా అని తోడల్లుడు నా దగ్గర మొరపెట్టుకున్నాడు.

పరీక్ష నా అంగట్లోనే జరిగింది. వెనక గోడకు ఆ దేశం వాళ్ళు చెప్పినట్టే ఒక మెయిన్ బోర్డు బిగించి కరెంటు ఇచ్చాము. సముద్రాలవతల నుంచి ఒక పెద్దావిడ ఫోన్లో చూస్తుంది, మరదలు పనిచేసి చూపించాలి, నేను ఫోను పట్టుకోవాలి. పట్టుకున్నవాడు మాట్లాడకూడదని షరతు. పుట్టినప్పటి నుంచి నేను అంతసేపు నోరు మూసుకున్నది లేదు, చెవుల్లోంచి ఆవిరి వచ్చింది.

పెద్దావిడది నెరిసిన జుట్టు, మెడలో కళ్ళద్దాల గొలుసు. చూపు మాత్రం గద్దది. "ఈ బోర్డులో పాడైన స్విచ్చు మార్చండి," అంది.

మరదలు బూట్లు సరిచూసుకుని బోర్డు ముందు నిలబడింది. కుడిచేయి లేచింది. బోర్డు పెట్టెను మెల్లగా ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

మా వైపు ఇది ఊపిరి లాంటిది. బస్సు డ్రైవరు స్టీరింగును అద్దుకుంటాడు, దర్జీ మిషన్ను అద్దుకుంటాడు, నేను షట్టరు ఎత్తగానే గడపను అద్దుకుంటాను. చేశామని కూడా తెలియదు.

"ఆగండి," అంది పెద్దావిడ. "ఇప్పుడు చేయి ఎక్కడ పెట్టారు?"

"బోర్డు మీద, మేడమ్."

"కరెంటు ఉందో లేదో చూసుకున్నారా?"

మరదలు చేయి వెనక్కి లాక్కుంది.

"ఇక్కడికి ఆపుదాం," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. "వచ్చే నెల ఇంకొక అవకాశం ఉంది. అది చివరిది."

ఫోను పెట్టేయగానే, మూల కూర్చుని చూస్తున్న మా ఆవిడ లేచింది. "మొక్కితే తప్పంట. అదేం దేశమే?"

"ఆమెది తప్పు కాదక్కా," అంది మరదలు, బూట్లు విప్పుకుంటూ. "పెట్టెకు కరెంటు పారింటే మొక్కిన చేతినే కొట్టేది. ఒకసారి మాతో పనిచేసే ఆయన అట్లనే ముట్టుకోని ఎగిరి పడినాడు. దేవుడు కాపాడినాడని టెంకాయ కొట్టినాం. మళ్ళా ఆ పెట్టెనే ముట్టుకోని మొక్కినాం."

ఆ నెల మా ఇంటిల్లిపాదీ ఆ చేయిని దారికి తేవడానికి పడిన పాట్లు చెబితే పుస్తకం అవుతుంది. తోడల్లుడు గొర్రెల కట్టె పట్టుకుని పక్కన నిలబడేవాడు, చేయి లేస్తే తట్టేవాడు. నేను కుడిచేతికి తువ్వాలు చుట్టి చూశాను. తువ్వాలుతో సహా పోయి అద్దుకుంది. చివరికి కుక్కరు మూతను కూడా అద్దుకుంటోందని ఆమె కూతురు ఫిర్యాదు చేసింది.

ఒక సాయంత్రం ఆమే తేల్చేసింది. "మొక్కేది మానలేను బావా. ఎప్పుడు మొక్కాల్నో అది మార్చుకుంటా."

రెండో పరీక్ష. అదే గోడ, అదే గద్ద చూపు, అదే నా మూసిన నోరు. మరదలు మెయిన్ ఆపింది. ఎవరూ మళ్ళీ వేయకుండా దానికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుంది. వేరే లైను మీద కరెంటున్న పక్క ప్లగ్గులో మీటరు పెట్టి అది పనిచేస్తోందని చూసింది. తర్వాత బోర్డులో తీగ తీగకూ పెట్టి చూసింది. మళ్ళీ వెనక్కి వచ్చి ప్లగ్గులో పెట్టింది. ఈ మూడోది ఎందుకో, ఊరందరికీ మీటర్లు అమ్మే నాకే తెలియదు. బోర్డు చూసే లోపల మీటరే చచ్చిపోయి ఉంటే? అందుకట. పనివాడి ప్రాణం కోసం మీటరును కూడా అనుమానించే దేశం ఒకటి భూమ్మీద ఉందని ఆ రోజు తెలిసింది. నా ఒళ్ళు గగుర్పొడిచి చొక్కా గుండీ ఒకటి ఊడిపోయింది.

అప్పుడు ఆమె కుడిచేయి లేచింది. బోర్డుకు జానెడు దూరంలో గాలిలో ఆగింది. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మేడమ్," అంది మరదలు ఫోను వైపు తిరిగి, "దీంట్లో కరెంటు లేదు. పని మొదలుపెట్టే ముందు దీన్ని ముట్టుకుని మొక్కుతాను. మా అలవాటు."

పెద్దావిడ కళ్ళద్దాలు తీసింది. "లేదని ఎలా తెలుసు?"

మరదలు తాళంచెవి తీసి చూపించింది. మూడుసార్లు ఎందుకు చూసిందో గొర్రెల దగ్గర నేర్చిన ఇంగ్లీషులో తడబడకుండా చెప్పింది.

పెద్దావిడ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "అయితే మొక్కుకోండి," అంది. "నేను ఆగుతాను."

సముద్రాలవతల ఒక ప్రభుత్వం తరఫున కూర్చున్న మనిషి, పావగడ బజార్లో ఒక ఆడమనిషి ఇనుప పెట్టెను కళ్ళకద్దుకునేదాకా పని ఆపుకుని కూర్చుంది. నేను చాలా గొప్పలు చెబుతాను. ఇది మాత్రం గొప్ప కాదు, ఉన్నదే.

నెగ్గింది. శ్రావణానికి ముందే పిలుపు వచ్చింది, ముగ్గురూ పోయినారు. మొదటి వారం ఫోను చేసినప్పుడు తోడల్లుడు ముందు మాట్లాడాడు. అక్కడి గొర్రెలు తెలుగులో అదిలించినా వింటున్నాయట.

ఇప్పుడు పొద్దున షట్టరు ఎత్తగానే నా చేయి అంగడి మెయిన్ బోర్డు మీదికి పోతుంది. సగంలో ఆపి, అద్దాల బీరువాలోంచి మీటరు తీస్తాను. ప్లగ్గు చూస్తాను, పెట్టె చూస్తాను, మళ్ళీ ప్లగ్గు చూస్తాను.

"ఏమప్పా," అంటాడు బేరానికొచ్చి గడప దగ్గర నిలబడినాయన, "ఫ్యూజు తీగ ఇస్తావా, పక్కంగడికి పోదునా?"

"ఉండప్పా," అంటాను. "ఇంకా మొక్కలేదు."