కళ్లు పెట్టని కుందేలు

ఇంకాస్త ఇటు జరిగి కూర్చోండి, చాప మీద జాగా ఉంది. బొమ్మలేయడం హాయైన పని అనుకునేవాళ్లు మరీ దగ్గరగా రండి. నాకు ఒళ్లు మండిన సంగతి చెబుతాను.

అది 2019. నల్గొండలో మా రెండు గదుల ఇల్లు. ఐదో తరగతితో బడి మానేసినా నా చేతికి గీత పట్టుబడింది. పిల్లల పుస్తకాలకు ఇంకింగ్ చేసేదాన్ని. ఇంకింగ్ అంటే పెన్సిలుతో వేసిన బొమ్మ మీద నల్లసిరాతో అసలు గీత తీయడం. దానికి బ్రష్ పెన్ వాడతాం. చూడ్డానికి పెన్నే, మొనకు మాత్రం కుంచె. నొక్కితే ఎలుగుబంటి వీపుకు సరిపోయే లావు గీత, తేలిగ్గా ఆనిస్తే పిల్లి మీసం. చెయ్యి వణికిందా, పేజీ పోయినట్టే.

నర్సింహ సారు రిటైరైన పంతులు. తాను రాసిన జంతువుల కథను అచ్చేయిస్తూ బొమ్మలు నాకిచ్చాడు. బడులు తెరిచేనాటికి పుస్తకం రావాలి, బాగొస్తే తర్వాతి పుస్తకాలన్నీ నాకే అన్నాడు. అంతకుముందు నాకు దొరికినవి ఒకటీ అరా పేజీలే. దీని మీదే ఆశ పెట్టుకున్నాను.

ఆయనకేమో మనసు నిలవదు. నక్కను సిరాలో దించాక వచ్చేవాడు.

"యాదమ్మా, నక్క జర మంచిదాన్లెక్క కనవడాలె."

"కథల అది కోడిని ఎత్కపోతది గద సారూ?"

"ఎత్కపోతది. కాని మర్యాదగ."

ఆ మర్యాదస్తురాలిని మూడుసార్లు గీశాను.

మా నాయిన మట్టిబొమ్మలు చేసేవాడు. కొనేవాళ్లు వచ్చి ఎదురుగా నిలబడితేనే కళ్లు దిద్దేవాడు. ఆ పద్ధతే నాకూ వచ్చింది. ఎనిమిది పేజీల్లో కుందేలు, నక్క, కోడి, అన్నిటినీ పూర్తిచేసి, కళ్ల జాగా ఖాళీగా ఉంచాను. సారు వచ్చాక ఆయన ముందే దిద్దుదామని పేజీలు దండేనికి తగిలించి, పానగల్‌లో చుట్టాలింటికి పోయాను.

తిరిగొచ్చేసరికి దండెం ఖాళీ.

"సారొచ్చి అడిగిండు, ఇచ్చిన" అంది మా అత్త.

ఎప్పటిలాగే తప్పులు వెతకడానికి తీసుకుపోయాడు, మళ్లీ తెస్తాడులే అనుకున్నాను. ఆయనేమో పనంతా అయిపోయిందనుకున్నాడు. వారం తర్వాత పుస్తకాల కట్టలతో ఆటో దిగాడు. తెరిస్తే, ఒక్క జీవికీ కళ్లు లేవు!

"గిదేంది సారూ! సూస్కోలేదా?"

"నవ్వుకుంట కండ్లు మూసుకున్నయనుకున్న."

"ఎనిమిది పేజీలూ మూసుకునే ఉంటయా? నక్క కోడిని తడుముకుంట పట్టిందా?"

"మరి నువ్వు జెప్పద్దా తల్లీ?"

ఆ మాట నిజమే. అందుకే ఇంకా మండింది.

బడులు తెరవడానికి ఆరు రోజులే ఉన్నాయి. మళ్లీ అచ్చేయించే వీల్లేదు. వంద పుస్తకాలు ముందేసుకుని ఒక్కో కన్నూ చేత్తోనే దిద్దాను. ఆ నున్నటి కాగితం సిరాను పీల్చదు. తడి ఆరకముందే మూస్తే కాటుక చెదిరినట్టే. మంచం మీద, కిటికీలో, బియ్యం డబ్బా మీద, ఎటు చూసినా తెరిచిపెట్టిన పుస్తకాలే. సారు పక్కన కూర్చుని అట్టముక్కతో విసురుతూ, "ఎడమ కన్ను జర పెద్దగ..." అన్నాడు. నేను తలెత్తి చూశాను. ఆయన గబగబా విసరడం మొదలుపెట్టాడు.

బడి తెరిచిన రోజు సారు ఫోన్ చేశాడు.

"యాదమ్మా, పోరగాళ్లు పుస్తకాలు పక్కపక్కన వెట్టి సూస్తున్నరు. ఒకని కుందేలు బెదిరి బుగులు వడ్డది, ఇంకోని కుందేలు కోపానికొచ్చింది. నాది గిట్లుంది, నాది గట్లుందని ఒకటే లొల్లి! వచ్చే పుస్తకం గూడ నీకే. దానికి గూడ గిట్లనే ఒక్కోదానికి ఒక్కో తీరు కండ్లు..."

నేను ఫోన్ పెట్టేశాను.

మరుసటి పుస్తకం చేశాను, ఆ తర్వాతవీ చేశాను. కానీ అప్పటినుంచి ఏ పేజీలో ఏం మిగిలిందో దాని అంచునే పెన్సిలుతో రాసిపెడుతున్నాను. నా తలలో ఉన్న పద్ధతి నోరు విప్పి చెబితే తప్ప ఎదుటివాళ్లకు తెలియదు. ఆ సంగతి ఎనిమిది వందల పేజీలు దిద్దాక నాకు తలకెక్కింది.

ఓపికగా విన్నారు. మీ ఇంటిల్లిపాదీ చల్లగుండాలి. మీ పొయ్యి మీద కూర ఎప్పుడూ ఉడుకుతుండాలి, మీ పిల్లలు బొమ్మల పుస్తకాల కోసం కొట్లాడుకుంటూ పెరగాలి.