ఏడున్నరకు వచ్చే కోడలు

పండగ సెలవులంటే అందరికీ ఇష్టమే. టీవీ ఛానెళ్ళ వాళ్ళకు మరీ ఇష్టం. బతుకమ్మ మొదలైందో లేదో, రోజూ వచ్చే సీరియళ్ళన్నీ ఎత్తి అటక మీద పెట్టి, కొత్త సినిమాలూ ఆటపాటల కార్యక్రమాలూ దించుతారు. "ఈ వారమంతా పండగే పండగ" అని ఒక గొంతు ప్రకటనల మధ్యలో అరుస్తూ ఉంటుంది. మొన్నటి దసరాకు ఆ గొంతు విన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే ఏడున్నర సీరియల్ రాకపోతే మా అత్తమ్మ అన్నం తినదు.

ఈ మాట చెబితే మా మన్సూరాబాద్ అపార్ట్‌మెంట్‌లో చాలామంది నవ్వారు. నవ్వే వాళ్ళకేం, పెట్టేవాళ్ళకు కదా తెలిసేది.

అత్తమ్మకు మతిమరుపు జబ్బు. మొదట తాళంచెవులు మరిచిపోయింది, తర్వాత పొయ్యి మీద పాలు, ఆ తర్వాత మనుషులు. కొడుకును తన తమ్ముడనుకుంటుంది. ఇంటర్ చదివే మనవరాలిని పక్కింటి పిల్ల అనుకుని, "మీ అమ్మ తిడ్తది, ఇంటికి పో" అంటుంది. నేనైతే జీతానికి వచ్చే పనామెను. "ఓ పిల్లా, జర మంచినీళ్లియ్యి" అని పిలుస్తుంది. చీకటి పడుతుంటే నా మీద జాలిపడుతుంది కూడా. "పొద్దుగూకింది, ఇగ పోవా? మీవోళ్లు ఎదురుచూస్తుంటరు" అంటుంది. ఎక్కడికి పోను? నా ఇల్లు ఇదే కదా.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేశాను. అడ్మిషన్లు, ఫోన్లు, ఫీజు దగ్గర తల్లిదండ్రులతో తగాదాలు. నల్లగొండ పల్లెటూరి నుంచి కోడలిగా వచ్చిన నాకు ఆ కుర్చీ అంటే ప్రాణం. కిందటేడు ఒక మధ్యాహ్నం అత్తమ్మ తలుపు తీసుకుని బయటికి నడిచింది. కర్మన్‌ఘాట్ గుడి దగ్గర పూలమ్మే ఆమె గుర్తుపట్టి, పక్కన కూర్చోబెట్టుకుని మాకు ఫోన్ చేయించింది. ఆ ఎండలో అత్తమ్మ చెప్పుల్లేకుండా నిలబడి, బస్‌స్టాప్ ఎక్కడుందని దారిన పోయేవాళ్ళను అడుగుతోందట. ఆ వారమే నేను ఉద్యోగం మానేశాను. మానేసి ఇరవైనాలుగు గంటలూ ఆమె కళ్ళముందే ఉన్నాను. ఆమె నన్ను పూర్తిగా మరిచిపోయింది కూడా ఆ తర్వాతే.

పగలంతా ఆమె తిండి టీ, అందులో ముంచిన బిస్కెట్లు. అంతకుమించి ముద్ద నోటి దగ్గరికి తెస్తే పెదాలు బిగిస్తుంది. "మా కోడలు రానియ్యి" అంటుంది. "నేనే గదా అత్తమ్మా నీ కోడల్ని" అంటే, నా ముఖంలోకి ఎంతో మర్యాదగా చూస్తుంది. "నువ్వు మంచిదానివే బిడ్డా, కని మా కోడలు రానియ్యి" అంటుంది.

ఆ కోడలు ఏడున్నరకు టీవీలో వస్తుంది. సీరియల్ మొదట ఒక పాట ఉంటుంది. పొడుగు జడ పిల్ల ఒకతి భుజాన బ్యాగుతో గేటు తీసుకుని వచ్చి, చెప్పులు విడిచి, గుమ్మంలో అడుగుపెడుతుంది. అది చూడగానే అత్తమ్మ ముఖం విచ్చుకుంటుంది. "ఒచ్చింది" అంటుంది. అంతే, నోరు తెరుస్తుంది. నేను గబగబా నాలుగు ముద్దలు పెట్టేస్తాను. ఆ పొడుగు జడ పిల్ల అంటే నాకు ఎంత కడుపుమంటో చెప్పలేను. మలమూత్రాలు ఎత్తేది నేను, కోడలి పీఠం మీద కూర్చునేది ఆమె. అయినా ఆమె వేళకు రావాలని నేనే ఎదురుచూసేదాన్ని.

పండగ వారం మొదటి సాయంత్రం ఆమె రాలేదు. ఆ స్థానంలో ఒక కొత్త సినిమా. కత్తులు పట్టుకున్న పాతికమంది జీపుల్లోంచి దూకారు. అత్తమ్మ నా కొంగు పట్టుకుని వణికింది. "ఎవల్రా వాళ్లు, ఇంట్లకి ఒచ్చిండ్రు" అంది. టీవీ కట్టేసి కంచం తెస్తే మూతి తిప్పుకుంది. మర్నాడు ఆ పొడుగు జడ పిల్లే కనబడింది గానీ, జడ విప్పేసి, మెరిసే గాగ్రా వేసుకుని, మిగతా సీరియళ్ళ వాళ్ళతో కుర్చీలాట ఆడుతోంది. అత్తమ్మ కాసేపు చూసి, "మా కోడలు ఇంకా రాలే" అంది. ఆ రాత్రి కూడా టీయే.

"అమ్మా, పరేషాన్ గాకు. యాప్‌ల పాత ఎపిసోడ్లన్నీ ఉంటయ్" అంది నా కూతురు. ఉంటాయి, ఎందుకుండవు. కానీ యాప్ తెరవాలంటే పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ మరిచిపోతే ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆ ఫోన్ నంబరు మా ఆయన ఎప్పుడో తీసి పారేసిన పాత సిమ్‌ది. ఆయన లారీల ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేస్తాడు. దేశంలో ఏ లారీ ఎక్కడుందో చెబుతాడు గానీ, సిమ్ ఎక్కడుందో చెప్పలేకపోయాడు. చివరికి నా కూతురు తన స్నేహితురాలి పాస్‌వర్డ్ అడిగి తెచ్చి ఎపిసోడ్ పెట్టింది. ఆ యాప్‌కు తొందరెక్కువ. మొదటి పాటను దానంతటదే దాటేసి సరాసరి కథలోకి పోతుంది. పొడుగు జడ పిల్ల వంటింట్లో నిలబడి ఏడుస్తోంది. అత్తమ్మ ఫోన్‌ను చూసింది. తర్వాత మా వీధి తలుపు వైపు చూసింది.

"ఎవలు గామె?" అంది.

నా చేతిలో ముద్ద చల్లారిపోయింది.

మా ఆయన మర్నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో పండగ ఆఫర్ అని గోడంత టీవీ పట్టుకొచ్చాడు. "పెద్దగ కనిపిస్తే అమ్మ తింటదే" అన్నాడు. ఆశ మనిషితో ఏ పనైనా చేయిస్తుంది. బిగించే మనిషి పండగ అయ్యాకే వస్తాడట, అందుకని దాన్ని బల్ల మీద గోడకానించి పెట్టాం. అది ఒక గంటసేపు తనను తాను సరిదిద్దుకుంది, ఆ తర్వాత మా భాష ఏదని అడిగింది. బొమ్మ వచ్చేసరికి అత్తమ్మ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. "గింతింత తలకాయలేంది" అని ఏడ్చింది. దాన్ని మళ్ళీ డబ్బాలో పెట్టేసి, పాత టీవీనే తెచ్చి పెట్టాం.

ఎదురింటావిడది గుంటూరు వైపు. మంచి మనసు. "మా అత్తగారికి కూడా ఇలాగేనండీ, మెత్తగా గుజ్జులా పిసికి చెంచాతో పెట్టేవాళ్ళం. మీరు కాస్త ఓపిక పట్టాలమ్మా" అంది. ఓపిక! ఆ మాటకు ఆవిడ చేతిలోని పులిహోర గిన్నె లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది. గిన్నె తీసుకుని, థాంక్స్ చెప్పి, లోపలికొచ్చి స్నానాలగదిలో నల్లా విప్పి ఏడ్చాను.

సద్దుల బతుకమ్మ రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. అత్తమ్మ చేయి పట్టుకుంటే గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. దసరా దాటేవరకు చూస్తానని, అప్పటికీ తినకపోతే అడ్మిట్ చేసి ముక్కులోంచి పైపు వేయాల్సిందేనని చెప్పాడు. మా నాన్నకు ఆఖరి రోజుల్లో ఆ పైపు వేశారు. లాగేసుకుంటున్నాడని చేతులు మంచానికి కట్టేశారు. కట్లు విప్పమని ఆయన కళ్ళతో నన్ను అడిగేవాడు. ఆ కళ్ళు నన్నింకా వదల్లేదు. ఆటోలో మా ఆయన, "ఏం జేద్దామే?" అన్నాడు. ఆ సాయంత్రం కింద సెల్లార్‌లో డీజే పెట్టి బతుకమ్మ ఆడుతుంటే నేను పైన కిటికీలు మూసుకుని కూర్చున్నాను.

దసరా పొద్దున మా ఆయన బండికి పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయలు తొక్కించాడు. నా కూతురు తన ఫోన్‌కు, ల్యాప్‌టాప్‌కు బొట్టు పెట్టింది. నేను టీవీ రిమోట్‌కు పెట్టాను. ఎగతాళికి కాదు. రెండు చేతులూ జోడించి, ఈ పూటకు ఆ పిల్లను పంపమని నిజంగానే మొక్కుకున్నాను. మొక్కు అక్కడికి చేరలేదు. సాయంత్రం ఆరుకే ఇంకో కొత్త సినిమా మొదలైంది.

"ఫోన్‌కెళ్లి పాత టీవీకి కలిపే వైరు ఉంటదమ్మా. ఫోన్ చిన్నగుందని గుర్తుపడ్తలేదేమో" అంది నా కూతురు. అదొక్కటే మిగిలింది మాకు. మా ఆయన మర్నాటి అడ్మిషన్ గురించి ఫోన్లు చేసుకుంటున్నాడు. నేను పోతానన్నాను. మేకుకు తగిలించి ఉన్న పాత ఆఫీసు బ్యాగు తీసుకుని, డబ్బులు అందులో పడేసి బయటికొచ్చాను. చాలా నెలల తర్వాత ఒంటరిగా గడప దాటడం అదే మొదటిసారి. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. సగం దుకాణాలకు షట్టర్లు, మిగతా సగానికి బంతిపూల దండలు. వైరు అడిగితే ఒకడు ఛార్జర్ చూపించాడు. ఇంకొకడు, "పండుగ పూట గదేం వైరక్కా, ఎల్లుండి రా" అన్నాడు. ఎల్లుండికి ఆమె చేతులు మంచానికి కట్టి ఉంటాయని వాడికి ఎలా చెప్పను?

నా పాత కోచింగ్ సెంటర్ మెట్ల మీద కూర్చున్నాను. తాళం వేసి ఉంది. జమ్మి ఆకులు పట్టుకుని జనం నవ్వుకుంటూ పోతున్నారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఎవరూ ఆగలేదు, పండగ పూట ఎవరు మాత్రం ఆగుతారు. కాసేపటికి లేచి, మెట్రో మెట్లెక్కే ఓపిక లేక, ఉద్యోగం రోజుల్లోలాగే బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి తలుపు ఓరగా వేసి ఉంది. టీవీలో ఫైటింగు. మా ఆయన కంచం పట్టుకుని వాళ్ళమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చారన్నం కదలలేదు. నేను చెప్పులు విడిచి, బ్యాగు భుజం మీదుండగానే గుమ్మంలో అడుగుపెట్టాను. వైరు దొరకలేదని చెప్పబోయాను.

అత్తమ్మ తలెత్తింది.

"ఒచ్చినవా బిడ్డా? గింత పొద్దయిందేంది, బస్సు దొరకలేదా?" అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. నా కూతురు రిమోట్ తీసుకుని టీవీ కట్టేసింది.

"దొరకలే అత్తమ్మా" అన్నాను.

"మొకమంత పీక్కపోయింది. కాళ్లు కడుక్కోని రా, తిందాం. నీకోసమే కూసున్న."

అప్పుడు తెలిసింది నాకు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఇల్లు చేరేది ఏడున్నరకే. ఎన్నిసార్లు చెప్పినా ఆమె ముందు తినేది కాదు. రెండు కంచాలు బోర్లించి పెట్టుకుని తలుపు వైపు చూస్తూ కూర్చునేది. నేనే విసుక్కునేదాన్ని, తింటే ఏం పోతుందని. అన్నీ మరిచిపోయినా ఆమె ఆ ఎదురుచూపును వదల్లేదు. ఎదురుచూడటానికి నేనే లేకుండా పోయాను, ఇంట్లోనే ఉండిపోయాను కాబట్టి.

ఆ రోజు ఆమె తన చేత్తో తాను కలుపుకుని తిన్నది. మా ఆయన వంటింట్లోకి వెళ్ళి, ముఖం గోడకు పెట్టుకుని నిలబడ్డాడు.

పండగ అయిపోయింది. సీరియల్ మళ్ళీ వస్తోంది గానీ మేం పెట్టడం లేదు. రోజూ ఏడు దాటాక నేను చీర మార్చుకుని, బ్యాగు భుజాన వేసుకుని కిందికి దిగుతాను. సెల్లార్‌లో వాచ్‌మన్ కుర్చీ పక్కన నిలబడతాను. పండగకు నవ్వినవాళ్ళు ఇప్పుడూ నవ్వుతారు, నవ్వనీ. ఏడున్నరకు మెట్లెక్కుతాను. ఏదో ఒక రోజు గుమ్మంలో నిలబడ్డ నన్ను కూడా చూసి "మా కోడలు రానియ్యి" అంటుందని భయం. ఆ రోజు వస్తుందని డాక్టరు చెప్పనే చెప్పాడు.

మొన్న అన్నం తింటూ తింటూ అత్తమ్మ నా వైపు వంగి గొంతు తగ్గించింది.

"బిడ్డా, ఒక మాట. పగలు ఇంట్ల ఒకామె ఉంటది. పొద్దుగాల సంది తిను తిను అని పానం దీస్తది. ఆమెను పంపియ్యి."

"అట్లనే అత్తమ్మా. రేపు చెప్త" అన్నాను.

"జర మంచిగ చెప్పు. కొట్లాడకు" అంది. "ఆమె కోసం గూడ ఎవలో ఒకలు తినకుంట కూసుంటరు గద."

నేను తలూపి, ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నాను.