తొమ్మిదో కణుపు

అమెరికాలో, ఇర్వింగ్‌లోని మా అపార్ట్‌మెంట్ పార్టీలకు వచ్చిన కొత్తవాళ్లు సుమతిని ఏ టెక్నాలజీలో పనిచేస్తారని అడుగుతారు. చింపాంజీలకు మత్తు ఇస్తానంటుంది ఆమె. వాళ్లు ఏదో జోకనుకుని నవ్వేసి బిర్యానీ వైపు వెళ్లిపోతారు. ఆమె పక్కింటిదాన్ని కాబట్టి ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లుమంట.

పాతికేళ్లుగా సుమతి రోజూ గంటన్నర డ్రైవ్ చేసుకుని ఊరవతలి సంరక్షణశాలకు వెళ్తోంది. సర్కస్‌ల నుంచి, ప్రయోగశాలల నుంచి విడిపించిన చింపాంజీలు అక్కడ ముసలివవుతుంటాయి. ఆఫ్రికా అడవులకు వెళ్లబోయే పశువైద్యులకు ఆమె వాటి దగ్గరే పాఠం చెబుతుంది. ఉచ్చులో చిక్కిన గొరిల్లా కాలికి తీగ విప్పాలంటే ముందు దాన్ని నిద్రపుచ్చాలి. అది నిజంగా నిద్రపోయిందో లేదో పోల్చుకోలేకపోతే డాక్టరు ముఖం మిగలదు.

ఊపిరి లెక్కపెట్టే పద్ధతి మాత్రం సుమతి నిజామాబాద్ నుంచి తెచ్చుకుంది. ఒక చేతికి వాచీ. రెండో చేతి బొటనవేలు ఒక్కో ఊపిరికి ఒక్కో కణుపు చొప్పున వేళ్ల మీద జరుగుతూ పోతుంది. అమెరికా డాక్టర్లు మొదట వింతగా చూశారు, తర్వాత వాళ్లూ నేర్చుకున్నారు.

మూడేళ్ల కిందట రూబీ అనే ముసలి చింపాంజీకి పన్ను తీస్తుండగా ఊపిరి ఆగింది. సుమతి బొటనవేలు తొమ్మిదో కణుపు మీద నిలిచిపోయింది. రూబీ చెల్లెలు పెర్ల్ పక్క గదిలో ఇనుప వల పట్టుకుని అంతా చూసింది. రూబీ శవాన్ని మోసుకెళ్లాక కూడా చాలాసేపు సుమతి చేతినే చూస్తూ కూర్చుంది. ఆ రోజు సంగతి చెప్పేటప్పుడు సుమతి చేతులు చున్నీలో దాచుకుంటుంది. నేనెంత కోప్పడినా తప్పు తనదేనంటుంది.

కిందటి అక్టోబరులో అనీష్ శిక్షణకు వచ్చాడు. వరంగల్ వాడు, ఇక్కడే మాస్టర్స్ చేశాడు, జనవరిలో అడవికి ప్రయాణం. తెలివైనవాడే గానీ, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఆ రోజు పెర్ల్‌కు గుండె పరీక్ష. నేర్పిన అలవాటు ప్రకారం అది తనంతట తానే వచ్చి భుజాన్ని వలకు ఆనించింది. అనీష్ సూది వేశాడు. పది నిమిషాలకు పక్కకు ఒరిగి కళ్లు మూసుకుంది. పేరు పెట్టి పిలిచినా, పొడవాటి కర్రతో పాదం తట్టినా కదల్లేదు.

అనీష్ తాళంచెవి పెట్టాడు. "డీప్‌గనే ఉంది మేడమ్. లేట్ చేస్తే మత్తు దిగిపోతది."

సుమతి అతని మణికట్టు పట్టుకుంది. పెర్ల్ అరచేయి తలుపు వైపు తెరిచి ఉంది. ఒళ్లంతా రాయిలా ఉన్నా దాని పొట్టి బొటనవేలు మాత్రం మెల్లగా ఒక కణుపు మీంచి ఇంకో కణుపు మీదికి జరుగుతోంది. మాస్కులోంచి బుసబుసమంటున్న అనీష్ ఊపిరి తప్ప అక్కడ ఇంకే చప్పుడూ లేదు.

"ఊపిరి బిగపట్టు అనీష్," అంది సుమతి.

అతను బిగపట్టాడు. పెర్ల్ వేలు ఆగింది. అతని ముఖం కందగడ్డ అయ్యేదాకా ఆగే ఉంది. ఇక పట్టలేక ఊపిరి వదిలాడు. వేలు పక్క కణుపు మీదికి జరిగింది.

ఇద్దరూ వెనక్కి వచ్చేశారు. కాసేపటికి పెర్ల్ ఏమాత్రం తూలకుండా లేచి కూర్చుంది. వల కింద నేల తడిగా ఉంది. సూది గుచ్చగానే అది భుజం లాక్కున్నట్టుంది, మందు బొచ్చు మీంచి కారిపోయింది. అనీష్ ఆ రోజంతా తాళంచెవి ముట్టుకోలేదు.

జనవరిలో అతను వెళ్లాడు. ఏ జంతువు దగ్గరికి వెళ్లినా ముందు ఊపిరి బిగపట్టి చూస్తున్నానని మెసేజ్ పెడుతుంటాడు. సుమతి వేళ్ల మీద లెక్క మానేసి స్టాప్‌వాచ్ కొనుక్కుంది. అయినా రోజూ ఇంటికి బయల్దేరే ముందు పెర్ల్ ఎదురుగా కాసేపు కూర్చుంటుంది. పెర్ల్ ఆమె ఛాతీ వైపు చూస్తూ కణుపులు లెక్కపెడుతుంది. తొమ్మిదో దాని మీద వేలు ఆపి, తలెత్తి ఆమె ముఖంలోకి చూస్తుంది.

"నేను ఊపిరి తీస్తనే ఉంటనే," అంది సుమతి నాతో. "దాని వేలు మాత్రం ముందుకు జరగదు."